సగం దూరమే పెట్టుకోండి

కొలరాడో కొండల్లో ఫోను మ్యాపు చూపించే గంటలను నమ్ముకుని ప్లాను వేసుకున్న కుటుంబం మూడో రోజు సాయంత్రానికల్లా ఒకరి మీద ఒకరు విసుక్కోవడం మొదలుపెడుతుంది. ఇందులో ఎవరి తప్పూ ఉండదు. అమెరికాలో ఉద్యోగం చేసే కొడుకో కూతురో వేసవిలో అమ్మానాన్నలను పిలిపించుకుంటారు. కష్టపడితే వారం సెలవు దొరుకుతుంది. ఆ వారంలోనే డెన్వర్‌లో బయలుదేరి రాకీ మౌంటెన్ నేషనల్ పార్కు, ఆస్పెన్, డురాంగో, మేసా వెర్డే చూసేసి, పక్కనే కదా అని యూటాలోని ఆర్చెస్ కూడా కలుపుకుని తిరిగి రావాలనుకుంటారు. కాగితం మీద అన్నీ పడతాయి. వీళ్ళు మళ్ళీ ఎప్పుడొస్తారో, వచ్చినా అప్పటికి కాళ్ళూ మోకాళ్ళూ ఎలా ఉంటాయో అన్న బెంగే ఆ కాగితాన్ని అంతలా నింపుతుంది. ఆ ప్రేమను నేను తక్కువ చేయను. కానీ తొమ్మిది గంటలు వెనక సీట్లో కూర్చున్న అమ్మకు చివరికి గుర్తుండేది ఆ సీటే.

అందుకే ఈ అధ్యాయంలో ఒక్క పద్ధతే చెబుతాను. మ్యాపు మూడు గంటలంటే ఆరు గంటలు ఇవ్వండి. ఒక రోజులో వెళ్ళగలం అనుకున్న దూరంలో సగమే పెట్టుకోండి. మిగిలిన సగం ఖాళీగా వదలండి. దాన్ని వానకు, పశువులకు, రోడ్డు పనులకు, నాన్నగారి బీపీకి, డ్రైవరు కళ్ళకు ఇవ్వాలి. కొలరాడోలో ఈ పద్ధతి ఎందుకు పనిచేస్తుందో, ఏ రోడ్డు మీద ఎలా పనిచేస్తుందో వివరంగా చూద్దాం.

ముందు ఎత్తు సంగతి

ఈ రాష్ట్రంలో అన్నిటికన్నా పల్లపు చోటు కూడా సముద్రమట్టానికి 3,300 అడుగుల పైనే ఉంటుంది. మన తూర్పు కనుమల్లో పేరున్న శిఖరాలు అయిదున్నర వేల అడుగులు. డెన్వర్‌లో విమానం దిగేసరికే మీరు 5,280 అడుగుల ఎత్తులో, అంటే ఇంచుమించు ఆ శిఖరాల మీదే నిలబడి ఉంటారు. అక్కడి నుంచి రోడ్డు ఇంకా పైకే వెళుతుంది. 14,000 అడుగులు దాటిన శిఖరాలు రాష్ట్రంలో యాభైకి పైగా ఉన్నాయి. కారు వెళ్ళే కనుమలే 10,000 నుంచి 12,000 అడుగుల దాకా ఉంటాయి. 12,000 అడుగుల దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదానిలో మూడింట రెండొంతులకన్నా కాస్త తక్కువ. ఊపిరి పీల్చినప్పుడల్లా అందే ఆక్సిజను కూడా ఆ లెక్కనే తగ్గుతుంది.

విజయవాడ నుంచో హైదరాబాదు నుంచో వచ్చిన అరవై అయిదేళ్ళ మనిషిని దిగిన మర్నాడే 12,000 అడుగులకు ఎక్కించడం తొందరపాటు. మొదటి ఒకటి రెండు రాత్రులు డెన్వర్‌లోనో దాని చుట్టుపక్కలో పడుకోవాలి. తర్వాత ఎస్టెస్ పార్క్ ఊళ్ళో, సుమారు 7,500 అడుగుల దగ్గర. పగలు ఎంత పైకి వెళ్ళినా రాత్రి దిగి పడుకోవడం మంచి అలవాటు. నీళ్ళు దాహం వేయకముందే తాగుతూ ఉండాలి. గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్ళు ఇండియాలో బయలుదేరేముందే తమ డాక్టరును ఈ ఎత్తుల గురించి ప్రత్యేకంగా అడగాలి. "అమెరికా వెళుతున్నాం" అని మాత్రమే చెబితే డాక్టరుకు ఎత్తు సంగతి ఎలా తడుతుంది? "పన్నెండు వేల అడుగుల ఎత్తుకు వెళుతున్నాం" అని చెప్పాలి.

ఇంకో మాట. మన పెద్దవాళ్ళు ఒంట్లో బాగాలేదని చెప్పరు. పిల్లల సెలవు పాడవుతుందని భయం.

"నాన్నా, బాగానే ఉందా?"

"నాకేంరా, బ్రహ్మాండంగా ఉన్నా. నువ్వు రోడ్డు చూసుకో."

ఈ జవాబును నమ్మకండి. అడిగే తీరు మార్చండి. తల నొప్పిగా ఉందా? పొద్దున ఇడ్లీ సయించిందా? వికారంగా ఉందా? రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చింది? తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం కలిసి కనిపిస్తే అది ఎత్తు పడకపోవడమే కావచ్చు. ఇంకా పైకి వెళ్ళొద్దు. తగ్గకపోయినా, ముదిరినా దిగిపోవడమే మందు. తడబడుతూ నడిచినా, మాట తికమకగా వచ్చినా, కూర్చున్నప్పుడు కూడా ఆయాసం వచ్చినా క్షణం ఆలస్యం చేయకుండా దిగుతూనే ఆసుపత్రికి వెళ్ళాలి. ప్లానులో సగం ఖాళీ ఉన్నవాడే "సరే, ఈరోజు ఇక్కడే ఉండిపోదాం" అని తేలిగ్గా అనగలడు. ముందుగా డబ్బు కట్టిన హోటళ్ళు వరుసగా ఎదురుచూస్తుంటే ఆ మాట గొంతు దాటదు.

ఎత్తు వంటను కూడా మారుస్తుంది. కొండ ఊళ్ళలో వంటగది ఉన్న ఇల్లు అద్దెకు తీసుకుని ఎలక్ట్రిక్ కుక్కరులో అన్నం పెడితే మెతుకు పలుకుగా మిగిలిపోతుంది. 9,300 అడుగుల సిల్వర్టన్‌లో నీళ్ళు సుమారు 90 డిగ్రీలకే మరుగుతాయి. ఎంత మంట పెట్టినా మూతలేని గిన్నెలో అంతకన్నా వేడెక్కవు. ప్రెషర్ కుక్కరు వెంట తీసుకెళ్ళండి. పప్పుకైతే అది లేకుండా కుదరదు. దారిలో తినడానికి మొదటి రోజుకు పులిహోర, తర్వాత పెరుగన్నం, చపాతీలు సరిపోతాయి. ఒక్క జాగ్రత్త: రాత్రి తిండి డబ్బాలు కారులో వదిలేయకండి. ఎస్టెస్ పార్క్ చుట్టుపక్కల నల్ల ఎలుగుబంట్లు తిరుగుతాయి. వాటి ముక్కు చాలా చురుకు, కారు తలుపు తీయడం నేర్చినవి కూడా ఉన్నాయి.

ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు: ఒక రోజంతా

ఎస్టెస్ పార్క్ నుంచి గ్రాండ్ లేక్ దాకా 48 మైళ్ళు. మ్యాపును అడిగితే రెండు గంటలకు అటూ ఇటూగా చెబుతుంది. నా మాట విని దీనికి ఒక రోజంతా ఇవ్వండి.

ఈ రోడ్డు 1932లో తెరుచుకుంది. దీని ఎత్తైన చోటు 12,183 అడుగులు. అమెరికా నేషనల్ పార్కుల్లో ఆ చివర నుంచి ఈ చివరకు కొండ దాటించే తారురోడ్లలో ఇంత ఎత్తుకు వెళ్ళేది ఇంకొకటి లేదు. రోడ్డుకన్నా ఎన్నో తరాల ముందే యూట్, అరాపాహో జనం ఈ కొండ వెన్ను మీద కాలిబాటన అటూ ఇటూ దాటేవారు. ఏప్రిల్ మధ్యలో మంచు తవ్వడం మొదలుపెడితే మామూలుగా మే నెలాఖరుకు రోడ్డు తెరుస్తారు. అక్టోబరులో మళ్ళీ మూసేస్తారు. అంటే మే మొదట్లో వచ్చిన అమ్మానాన్నలకు ఇది దొరకదు. వాళ్ళ టికెట్లు ఇంకా కొనకపోతే జూన్ రెండో వారం తర్వాత వచ్చేలా చూడండి.

వేసవిలో పార్కులోకి వెళ్ళాలంటే ఇటీవలి ఏళ్ళలో ముందుగా సమయం బుక్ చేసుకోవాల్సి వస్తోంది. బేర్ లేక్ వైపు వెళ్ళడానికి ఒక రకం అనుమతి, ఆ వైపు కాకుండా మిగతా పార్కుకు ఇంకో రకం. రుసుములూ, గంటలూ, విదేశీ సందర్శకుల నిబంధనలూ మారుతుంటాయి కాబట్టి పార్కు వెబ్‌సైటులో ఆ ఏటి వివరాలు చూసుకునే బయలుదేరండి. అనుమతి సంగతి ఎలా ఉన్నా, పొద్దున్నే వెళ్ళడం వల్ల వచ్చే లాభం ఇంకొకటి ఉంది. జులై, ఆగస్టుల్లో మధ్యాహ్నం అయ్యేసరికి మబ్బులు కమ్మి ఉరుములు మొదలవుతాయి. చెట్లు లేని బోడి కొండ మీద అందరికన్నా ఎత్తుగా ఉండేది మనిషే. పిడుగుకు అంతకన్నా తేలికైన గురి ఉండదు. నడకలన్నీ మధ్యాహ్నం పన్నెండు లోపు ముగించుకోవాలి. ఉరుము వినిపిస్తే ఫోటో కోసం ఒక్క నిమిషం కూడా ఆగకుండా కారులోకి వచ్చేయాలి.

మెనీ పార్క్స్ కర్వ్ దగ్గర మొదట ఆగండి. కింద పచ్చిక మైదానాలు ఒక్కొక్కటీ కొండల మధ్య విడివిడిగా కనిపిస్తాయి. అక్కడి నుంచి పైకి వెళ్ళేకొద్దీ చెట్లు పొట్టివవుతూ, వంగిపోతూ ఉంటాయి. కొన్నిటికి కొమ్మలు ఒక్క వైపే ఉంటాయి. ఏడాదంతా గాలి ఒకే దిక్కు నుంచి కొడితే ఆ వైపు చిగురు బతకదు. సుమారు 11,400 అడుగుల దగ్గర చెట్లు పూర్తిగా ఆగిపోతాయి. ఆ తర్వాత పదకొండు మైళ్ళ దాకా టండ్రానే.

ఇక్కడ నిజంగా నిదానించాలి. కారు అద్దంలోంచి చూస్తే టండ్రా ఎండిన గడ్డి నేలలా కనిపిస్తుంది. రాక్ కట్ దగ్గర దిగి, సిమెంటు బాట మీద పది అడుగులు వేసి, మోకాళ్ళ మీద కూర్చుని చూడండి. గోటికన్నా చిన్న నీలం పూలు, నేలకు అంటుకుని గుండ్రంగా పెరిగిన నాచులాంటి మొక్కల దిండ్లు, వాటి మీద గులాబీ చుక్కలు. వేసవి అక్కడ కొద్ది వారాలే. ఆ కొద్ది వారాల్లోనే అవి ఆకు వేసి, పూసి, గింజ కట్టాలి. అందుకే అంత చిన్నవి, అంత దగ్గరగా. ఒక్క అడుగు బాట దాటి వేస్తే నలిగిపోయిన చోటు మళ్ళీ పచ్చబడడానికి దశాబ్దాలు, ఒక్కోసారి వందల ఏళ్ళు పడుతుంది. పిల్లలకు ఈ సంగతి ముందే చెప్పండి. చెబితే వాళ్ళు మనకన్నా బాగా పాటిస్తారు.

రాళ్ళ మధ్య నుంచి మార్మట్‌లు తొంగి చూస్తాయి. చెవులు గుండ్రంగా ఉండే పీకాలు నోటినిండా గడ్డి పట్టుకుని పరిగెత్తుతాయి, చలికాలానికి దాచుకోవడానికి. వీటికి చిప్స్ పెట్టకండి. ఎల్క్ దుప్పులకూ, కొండగొర్రెలకూ కనీసం 75 అడుగుల దూరం, మూస్‌కూ, ఎలుగుకూ 120 అడుగుల దూరం ఉండాలని పార్కు నియమం. మన మర్యాదకన్నా మన ప్రాణం కోసమే ఆ నియమం. సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా మగ ఎల్క్‌లు జతకట్టే కాలం. సాయంత్రం పచ్చిక మైదానాల అంచున కారు ఆపి అద్దం దించితే వాటి సన్నని పొడుగాటి కేక వినిపిస్తుంది. అంత పెద్ద జంతువు గొంతులోంచి అలాంటి శబ్దం వస్తుందని ఎవరూ ఊహించరు.

ఆల్పైన్ విజిటర్ సెంటరు 11,796 అడుగుల ఎత్తులో ఉంది. వేడి కాఫీ, మరుగుదొడ్లు దొరుకుతాయి. పెద్దవాళ్ళతో వెళ్ళేటప్పుడు మరుగుదొడ్డి ఎక్కడుందో తెలిసి ఉండడం ప్రకృతి దృశ్యమంత ముఖ్యం. చాలామంది ఇక్కడి నుంచే వెనక్కి తిరుగుతారు. తిరగకండి. ఇంకాస్త ముందుకు పోతే 10,759 అడుగుల మిల్నర్ పాస్ వస్తుంది. ఈ గట్టుకు తూర్పున పడ్డ చినుకు ప్లాట్ నది మీదుగా మిసిసిపిలో కలిసి గల్ఫ్ ఆఫ్ మెక్సికో వైపు పోతుంది. పడమర పడ్డ చినుకు కొలరాడో నదిలో చేరి ఎడారుల మీదుగా పసిఫిక్ దిక్కుకు సాగుతుంది. కొండ దిగి కావునీచే లోయలోకి వెళితే ఆ కొలరాడో నదే కనిపిస్తుంది, పిల్లలు కాళ్ళు తడుపుకునే వాగులా. గ్రాండ్ కాన్యన్‌ను కోసిన నది ఇదేనని అక్కడ నిలబడి చెప్పండి.

నదీ జలాల గురించి భోజనాల దగ్గర కూడా వాదించుకునే కుటుంబాల్లోంచి వచ్చినవాళ్ళం కాబట్టి ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఈ రాష్ట్రంలో మంచూ వానా ఎక్కువ పడమటి వైపు పడతాయి, జనం ఎక్కువ తూర్పు వైపు ఉంటారు. అందుకని ఈ పార్కు కొండల కిందుగా 13 మైళ్ళ సొరంగం తవ్వి, గ్రాండ్ లేక్ వైపు నీటిని తూర్పు పొలాలకూ ఊళ్ళకూ మళ్ళించారు. దాని పేరు ఆడమ్స్ సొరంగం. 1947 నుంచి నీళ్ళు పారుతున్నాయి. గ్రాండ్ లేక్ ఒడ్డున బల్ల మీద కూర్చుని పెరుగన్నం తింటూ నాన్నగారికి ఈ సంగతి చెప్పి చూడండి. రిటైరైన ఇంజనీరో రైతో అయితే మధ్యాహ్నమంతా ఆయన దగ్గర్నుంచి ప్రశ్నలే వస్తాయి.

డ్రైవరుకూ కళ్ళున్నాయి

దక్షిణ కొలరాడోకు వెళ్ళేముందు కుటుంబంలో ఒక ఒప్పందం చేసుకోవాలి. కారు కదులుతుండగా ఎవరూ డ్రైవరుతో "అటు చూడు" అనకూడదు. సరదాగా అన్నా అనకూడదు. అన్నారంటే అతను చూస్తాడు. చూసిన ఆ ఒక్క సెకనులో కారు గీత దాటుతుంది.

ఈ నియమం పెట్టాక దాని రెండో సగం కూడా పాటించాలి. డ్రైవరుకు చూపించడానికే ఆగాలి. కుటుంబమంతా కొండలు చూసి వచ్చాక ఫోటోలు తిరగేస్తుంటే, నడిపిన మనిషికి గుర్తుండేది పసుపు గీతా, ముందు బండి బ్రేకు లైట్లే. ఇది చాలా ఇళ్ళలో జరిగే అన్యాయం. అతను సణగడు కాబట్టి ఎవరికీ తెలియదు. గంటకు కనీసం ఒకసారి రోడ్డు పక్కన ఆపుకునే చోట బండి ఆపి, ఇంజను కట్టేసి, నడిపినవాణ్ణే ముందు దింపండి. పది నిమిషాలు అతణ్ణి ఏమీ అడగొద్దు. నడిపేది ఆవిడైతే, పిల్లలను చూసుకునే పని ఆ పది నిమిషాలూ ఇంకొకరు తీసుకోవాలి.

రోజుకు ఒకరి చోటు అన్న పద్ధతి కూడా పెట్టుకోండి. ఈరోజు ఎక్కడ ఎక్కువసేపు ఉండాలో అమ్మ చెబుతుంది, రేపు ఎనిమిదేళ్ళ పిల్ల చెబుతుంది. ఆ చోటు మనకు నచ్చకపోయినా గంట ఇవ్వాలి. ఇలా ఎంచుకోమన్నప్పుడు అమ్మలు చాలామంది శిఖరాన్ని ఎంచుకోరు. ఏటి ఒడ్డున నీడ అడుగుతారు.

కొండ దిగేటప్పుడు బ్రేకు మీద పాదం అలాగే తొక్కి ఉంచకూడదు. గేరు తగ్గించి ఇంజనుతోనే వేగం అదుపులో పెట్టుకోవాలి. ఆటోమేటిక్ కారులో కూడా దానికి ఏర్పాటు ఉంటుంది, అద్దె కారైతే బయలుదేరకముందే ఎక్కడుందో చూసుకోండి. పైక్స్ పీక్ రోడ్డు మీద దిగేవాళ్ళను గ్లెన్ కోవ్ దగ్గర ఆపి బ్రేకులు ఎంత వేడెక్కాయో కొలుస్తారు, మరీ కాలుతుంటే చల్లారేదాకా పక్కన పెట్టిస్తారు. ఆ పని మిగతా కనుమల మీద మనకు మనమే చేసుకోవాలి. వెనక బండ్లు పేరుకుంటే పక్కకు తప్పుకుని దారివ్వండి. మనకు విహారయాత్ర, వెనకున్నవాళ్ళకు అది ఆఫీసుకు వెళ్ళే దారి.

శాన్ వాన్ చుట్టు

రాష్ట్రానికి నైరుతి మూలన శాన్ వాన్ కొండలున్నాయి. వాటి చుట్టూ డురాంగో, సిల్వర్టన్, యూరే, రిడ్జ్‌వే, టెల్యూరైడ్, కోర్టెజ్ ఊళ్ళను కలుపుతూ 236 మైళ్ళ రోడ్డు గుండ్రంగా తిరిగి వస్తుంది. దాన్ని శాన్ వాన్ స్కైవే అంటారు. ఒక్క రోజులో తిరిగొచ్చామని గొప్పగా చెప్పేవాళ్ళున్నారు. మూడు రాత్రులు ఇవ్వండి, నాలుగైతే ఇంకా మేలు.

ఏ దిక్కున తిరగాలన్నది ముఖ్యమైన సంగతి. సిల్వర్టన్, యూరేల మధ్య పాతిక మైళ్ళ రోడ్డును మిలియన్ డాలర్ హైవే అంటారు. 11,018 అడుగుల రెడ్ మౌంటెన్ పాస్ దాటి, అన్‌కంపాగ్రే వాగు కోసిన ఇరుకు లోయ అంచున అది యూరేకు దిగుతుంది. చాలా చోట్ల రోడ్డు అంచున రెయిలింగు లేదు. చలికాలంలో స్నోప్లౌ బండ్లు తోసిన మంచు లోయలోకి పడాలంటే అంచు తెరిచి ఉండాల్సిందే. అమెరికాలో బండి కుడివైపు నడుస్తుంది కనుక యూరే నుంచి దక్షిణంగా వస్తే మీరు లోయ అంచున ఉంటారు. సిల్వర్టన్ నుంచి ఉత్తరంగా వెళితే కొండను ఒరుసుకుంటూ వెళతారు. ఘాట్ రోడ్డు మీద గుండె దడ ఉన్నవాళ్ళు డురాంగో నుంచి ఉత్తరానికి బయలుదేరండి. వానలో, చీకట్లో ఈ రోడ్డు పెట్టుకోవద్దు. సిల్వర్టన్ వదిలాక యూరే దాకా పెట్రోలు దొరకదు. ఫోను సిగ్నలు చాలా చోట్ల పోతుంది కాబట్టి మ్యాపు ముందే దించుకోండి.

నడవలేని పెద్దవాళ్ళుంటే డురాంగో నుంచి సిల్వర్టన్‌కు రైలు కూడా ఉంది. 1882లో గనుల కోసం వేసిన 45 మైళ్ళ చిన్న గేజి లైను, అనిమస్ నదిని ఆనుకుని సాగుతుంది. రానూపోనూ రోజంతా పడుతుంది కాబట్టి దానికి ఒక రోజును వేరుగా తీసిపెట్టాలి.

సిల్వర్టన్ దాటాక కొండల రంగు మారుతుంది. ఎరుపు, నారింజ, అక్కడక్కడ పసుపు. కోట్ల ఏళ్ళ కిందటి అగ్నిపర్వతాల వేడిలో రాతిలో చేరిన ఇనుప ఖనిజం గాలి తగిలి తుప్పు పట్టగా వచ్చిన రంగు అది. ఆ వేడే వెండినీ బంగారాన్నీ కూడా రాతి పగుళ్ళలోకి తెచ్చింది. దాని కోసమే మనుషులు ఇంత ఎత్తుకు వచ్చారు. ఈ కొండలు యూట్ జనానివి. 1873లో కుదిరిన బ్రూనో ఒప్పందంతో గనులున్న భాగం వాళ్ళ చేయి జారింది. యూరే పట్టణానికి ఉన్న పేరు వాళ్ళ నాయకుడిదే. ఆ తర్వాత ఆటో మియర్స్ అనే వలసదారు 1880లలో ఈ లోయ అంచున రాయి తొలిపించి సుంకం వసూలు చేసే బండిబాట వేశాడు. ఇప్పుడు మీ కారు నడిచే దారి చాలావరకు దాని మీదే ఉంది.

రెడ్ మౌంటెన్ పాస్ దగ్గర గనుల ఓవర్‌లుక్‌లో ఆగి, కూలిపోతున్న చెక్క కట్టడాలను చూడండి. పక్కన పారే వాగును కూడా చూడండి. రాళ్ళు నారింజ రంగులో ఉంటాయి. ఇక్కడి రాతికి సహజంగానే ఆ గుణం ఉంది, పాత గనుల్లోంచి ఊరే ఆమ్లపు నీరు దాన్ని మరింత పెంచింది. 2015 ఆగస్టులో సిల్వర్టన్ పైనున్న గోల్డ్ కింగ్ గని దగ్గర ప్రభుత్వ పర్యావరణ సంస్థ బృందం పని చేస్తుండగా లోపల నిలిచిన నీరు కట్ట తెంచుకుంది. సుమారు 30 లక్షల గ్యాలన్ల నీరు అనిమస్ నదిలోకి దూకి డురాంగో దాకా నదిని ఆవపిండి రంగు చేసింది. మరుసటి ఏడాది ఈ ప్రాంతంలోని గనులను దేశం శుభ్రం చేయాల్సిన చోట్ల జాబితాలో చేర్చారు. పిల్లలు "ఎంత అందమైన రంగో" అంటారు. ఆ మాట నిజమే. దాని వెనక ఉన్న కథ కూడా వాళ్ళకు తెలియాలని నా పట్టుదల. అందుకే ఇక్కడ అరగంట ఎక్కువ ఉండమంటాను.

లోయలోకి దిగేటప్పుడు రోడ్డు పక్కన ఒక స్మారకం ఉంటుంది. మంచు చరియలు విరిగిపడి ప్రాణాలు పోగొట్టుకున్న స్నోప్లౌ డ్రైవర్లది. జులైలో మనం హాయిగా వెళ్ళే ఈ దారిని చలికాలంలో తెరిచి ఉంచేవాళ్ళు వాళ్ళే. యూరేకు కాస్త ముందు బేర్ క్రీక్ జలపాతం దగ్గర లోయ మీదికి చొచ్చుకొచ్చిన వేదిక ఉంది. నీళ్ళు సరిగ్గా రోడ్డు కిందనుంచే లోయలోకి దూకుతాయి. మియర్స్ సుంకం గేటు పెట్టిన చోటు కూడా ఇదే.

యూరేలో వేడినీటి బుగ్గల కొలను ఉంది. ప్రయాణంలో బిగుసుకుపోయిన మోకాళ్ళకు అంతకన్నా మంచి వైద్యం ఉండదు. ఆ సాయంత్రం ఇంకేమీ పెట్టుకోవద్దు.

మర్నాడు రిడ్జ్‌వే మీదుగా పడమరకు తిరిగితే డల్లాస్ డివైడ్ వస్తుంది. 14,000 అడుగులు దాటిన స్నెఫల్స్ శిఖరం ఎదురుగా నిలబడి ఉంటుంది. సెప్టెంబరు చివర్లో కింద ఆస్పెన్ చెట్లు పసుపు తిరుగుతాయి, అప్పుడు ఇక్కడ కారు ఆపడానికి చోటు దొరకాలంటే తెల్లవారుజామునే రావాలి. టెల్యూరైడ్‌లో మౌంటెన్ విలేజ్ దాకా కేబుల్ కారు ఉంది. వేసవిలో దానికి టికెట్టు లేదు. నడవలేని అమ్మమ్మను కూడా పది వేల అడుగుల పైకి తీసుకెళ్ళి, కింద లోయంతా చూపించి, దింపుకు రావచ్చు. ఈ ఊళ్ళో హోటళ్ళు చాలా ఖరీదు. రిడ్జ్‌వేలోనో డొలోరెస్‌లోనో పడుకుని పగలు వచ్చి చూడడం మేలు.

లిజార్డ్ హెడ్ పాస్ దాటి కోర్టెజ్ వైపు దిగితే కొండలు తగ్గి ఎర్రనేల వస్తుంది. మేసా వెర్డే నేషనల్ పార్కు ఇక్కడే. 1906లో ఏర్పడింది. కొండ చరియల్లోని గుహల కింద ప్యూబ్లో జనం పూర్వీకులు 12వ, 13వ శతాబ్దాల్లో కట్టిన రాతి ఇళ్ళు ఉన్నాయి. క్లిఫ్ ప్యాలెస్‌లో సుమారు 150 గదులు. మన ఓరుగల్లులో కాకతీయులు తోరణాలు నిలుపుతున్న కాలంలోనే ఇక్కడ వీళ్ళు గోడ మీద గోడ పేర్చుకుంటూ వచ్చారు. లోపలికి వెళ్ళాలంటే రేంజరు వెంట, టికెట్టు తీసుకుని, నిచ్చెనలు ఎక్కాలి. మోకాళ్ళు సహకరించనివాళ్ళకు పై నుంచి చూసే చోట్లు బాగున్నాయి. పార్కు గేటు నుంచి ఆ ఇళ్ళ దగ్గరికే దాదాపు గంట ప్రయాణం. దీన్ని మధ్యాహ్నం మూడింటికి మొదలుపెట్టకండి.

వెళ్ళే దారి, వచ్చే దారి

డెన్వర్ నుంచి డురాంగోకు ఒకేసారి వెళితే ఏడు గంటలకు తక్కువ కాదు. రెండు ముక్కలు చేయండి. మొదటి రోజు గ్రేట్ శాండ్ డ్యూన్స్ దగ్గర ఆగి అలమోసాలో పడుకోండి. మంచు కొండల పాదాల దగ్గర 740 అడుగుల ఇసుక తిన్నెలు ఉంటాయి. మే చివర, జూన్ మొదట్లో అయితే వాటి ముందు మెడానో వాగు పల్చగా పారుతుంది, పిల్లలు అందులోంచి బయటికి రారు. వేసవి మధ్యాహ్నం ఇసుక 65 డిగ్రీల దాకా కాలుతుంది కాబట్టి పొద్దున్నో సాయంత్రమో వెళ్ళాలి. చెప్పులు విప్పొద్దు.

తిరుగు ప్రయాణంలో డురాంగో నుంచి వచ్చిన దారినే రావచ్చు. చుట్టు పూర్తి చేయకుండా రిడ్జ్‌వే నుంచే మోంట్రోజ్ మీదుగా తిరిగితే బ్లాక్ కాన్యన్ ఆఫ్ ది గన్నిసన్ కూడా దారిలో పడుతుంది. లోయ అంచున వరుసగా చూసే చోట్లున్నాయి, ఎక్కువ నడవనక్కర్లేదు. ఇలా చేస్తే మేసా వెర్డేను వదులుకోవాలి. రెండూ కావాలని పట్టుబట్టకండి.

వేసవిలోనూ మంచు ఆటల కాలంలోనూ ఐ-70 హైవే మీద శుక్రవారం మధ్యాహ్నం డెన్వర్ జనమంతా పడమరకు ఎక్కుతుంది, ఆదివారం మధ్యాహ్నం అంతా ఒకేసారి దిగుతుంది. 11,000 అడుగుల ఎత్తులోని ఐజెన్‌హోవర్ సొరంగం ముందు బండ్లు బారులు తీరతాయి. అలసిన పెద్దవాళ్ళతో, నిద్రపోయే పిల్లలతో ఆ వరుసలో చిక్కుకోవద్దు. ఆదివారం రాత్రి కొండల్లోనే ఆగి సోమవారం పొద్దున బయలుదేరండి. ఆఫీసులో సెలవు అడిగేటప్పుడే ఆ సోమవారాన్ని కూడా కలిపి అడగండి. రాష్ట్ర రవాణా శాఖ నడిపే కోట్రిప్ సైటులో ఆరోజు ఏ కనుమ మూశారో, ఎక్కడ రోడ్డు పని ఉందో తెలుస్తుంది. పొద్దున కాఫీ తాగుతూ చూసుకుని, అది చూశాకే గది ఖాళీ చేయండి.